అప్‌డేట్: కంపారటివ్ లిటరేచర్‌లో చేరాను

బీకాం తర్వాత ఎంఏకి కంపారటివ్ లిటరేచర్ (వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదివే సబ్జెక్టు) తీసుకోవాలా, ఫిలాసఫీనా అని కిందటేడు ఇక్కడ అడిగాను. పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో కంపారటివ్ లిటరేచర్ ఎంఏలో చేరాను.

ఫిలాసఫీ చేజారిపోతుందని టెన్షన్ పడ్డాను. అలా ఏం జరగలేదు. మొన్న క్లాసులో అరిస్టాటిల్ చెప్పిన కెథార్సిస్‌నీ (విషాద నాటకం చూస్తే జాలి, భయం కరిగి మనసు తేలికపడటం), భరతుడి నాట్యశాస్త్రంలోని కరుణ రసాన్నీ పక్కపక్కన పెట్టి చదివాం. దుఃఖాన్ని చూస్తే మనసు ఎందుకు కుదుటపడుతుంది? ఇది సాహిత్యమా, తత్వశాస్త్రమా? రెండూనూ. హరికథలో సీతను అడవిలో వదిలే ఘట్టం విని, కొంగుతో కళ్లొత్తుకుంటూ "మనసు తేలికపడిందిరా" అనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నోట్సు అంచున ఆ మాటే రాసుకున్నాను.

నాన్న ఇంకా ఉద్యోగం సంగతే అడుగుతున్నారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో కంపారటివ్ లిటరేచర్ విడిగా ఒక సబ్జెక్టని చూపించాను. అప్పుడు నాకు తెలుగు బాగా చదువుకోమని సలహా ఇచ్చినవాళ్లకు థాంక్స్, ఇప్పుడు అదే పనికొస్తోంది.