మకేబా పాటలో ఆ పురుగు పేరు తెలుగులో ఎలా రాయాలి?

పాతరికార్డు: దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా పాడిన ఖోసా భాష పెళ్లిపాట పొద్దున్నుంచీ బుర్రలో తిరుగుతోంది. ఇంగ్లీషువాళ్లు నోరు తిరగక ‘క్లిక్ సాంగ్’ అనుకున్నారే, అదే. ‘దారికి వైద్యుడు’ అన్నాక పురుగు పేరొస్తుంది కదా, కొంగొత్వానేనా, టొంగొథ్వానేనా?

అరసున్న: మొదటి అక్షరం మన వర్ణమాలలో లేదు, వదిలెయ్యండి. జాలిపడి చ్చుచ్చు అంటామే, అది కాదు. నాలుకని అంగిట్లో అంటించి లాగితే వచ్చే టక్కు. అసలు తగువు ‘థ్వా’ దగ్గర. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘థింక్’లో లాగా పలుకుతారు గానీ ఖోసాలో అది ఒత్తు త. మన థ సరిపోతుంది.

గోదారిగట్టు: థ రాస్తే థ అనేదెవరండీ, కథని కధ అనే జనం మనం. ఠ వేయండి.

అరసున్న: ఠ మూర్ధన్యం బాబూ, నాలుకని అంత వెనక్కి మడవక్కర్లేదు.

ఊరిచివర: వైద్యుడంటే మందులిచ్చే డాక్టరు కాదు, సోదె చెప్పి జబ్బు కనిపెట్టే మనిషి. మకేబా వాళ్లమ్మ చేసింది ఆ పనే, సంగోమా. 1988లో ఆ పేరుతోనే మకేబా ఆల్బమ్ తెచ్చింది. ఆ పాట అంత ఇష్టంగా పాడింది అందుకేనని నా అనుమానం.

గోదారిగట్టు: ఆవిడ ఏది ఇష్టం లేకుండా పాడింది గనక!

పాతరికార్డు: అమ్మ సంగతి సరే, కూతురి ఊసే ఎత్తరేం? ‘లుముంబా’, ‘మాల్కమ్ ఎక్స్’ రాసింది బొంగి. జనం మాత్రం అవి మకేబా పాటలనే అంటారు. 1950లో పుట్టి, 1985లో గినీ దేశపు కోనాక్రీలో కాన్పు కష్టమై పోయింది, 34 ఏళ్లకే. సొంత సోలో ఆల్బమ్ ఒక్కటే, 1980ది. నన్నడిగితే మాట కూర్చడంలో తల్లి కన్నా ఒక మెట్టు పైనే.

గోదారిగట్టు: అన్నా, దయచేసి బాంగీ అని రాయండి. బొంగి అంటే మనవాళ్లు నవ్వుతారు.

అరసున్న: నవ్వితే నవ్వనీండి. పూర్తి పేరు సిబొంగిలె, ‘మేం కృతజ్ఞులం’ అని. హ్రస్వ ఒకారం హిందీవాళ్లకి లేదు, మనకుంది. ఉన్నదాన్ని వాడుకోడానికేం రోగం?

ఊరిచివర: ఒకారం సరే, ఆ బ మన బ కాదు, గాలి లోపలికి పీలుస్తూ పలికేది. సింధీలో దానికి వేరే అక్షరమే ఉంది.

అరసున్న: ఇక సింధీ కూడానా!