నాది ఫాస్ట్ ట్విచ్ బాడీ అంట, 1.6 కిలోమీటర్ల పరుగు వల్ల కండ కరిగిపోద్దా?

పర్లాకిమిడి_కుర్రోడు:
అన్నలూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె, వయసు 19, బరువు 61 కేజీలు, ఆర్మీ ర్యాలీకి ప్రిపేర్ అవుతున్నాను. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, పుల్ అప్స్ 10 తీస్తే 40. పుల్ అప్స్ 12 లాగేస్తున్నాను, 100 మీటర్లలో మా ఊరి కుర్రాళ్లెవరూ నన్ను పట్టుకోలేరు, కానీ 1.6 మాత్రం 6 నిమిషాల 5 సెకన్ల కాడే ఆగిపోయింది, మూడో రౌండ్‌కే తొడలు రాళ్లయిపోతున్నాయి. జిమ్‌లో సార్ ఏటంటున్నారంటే నీది పుట్టుకతోనే ఫాస్ట్ ట్విచ్ బాడీ, అంటే వేగంగా బిగిసి తొందరగా అలిసిపోయే కండే ఎక్కువ, పరిగెడితే ఉన్న కండ పోద్ది, బరువులే ఎత్తు అని. కండలో ఉండే ఫైబర్ల (పోగుల) రకం మారదా? నాలుగు నెలలే టైముంది, తెలిసినోళ్లు చెప్పండి.

బరంపురం_పీఈటీ:
తమ్ముడూ పరుగు మాత్రం మానకు. నాటుకోడిని కోసినప్పుడు చూసే ఉంటావు, తొడ మాంసం ఎర్రగా ఉంటది, రొమ్ము మాంసం తెల్లగా ఉంటది. రోజంతా తిరిగే కాలికి ఆక్సిజన్ వాడుకునే కండ కావాలి, ఒక్కసారి రెక్కలు కొట్టి గోడెక్కడానికి తెల్లది చాలు. మనిషికి అలా విడివిడిగా ఉండవు, ఒకే కండలో అన్నీ కలిసే ఉంటాయి. టైప్ 1 నెమ్మదిది, త్వరగా అలవదు, టైప్ 2ఎ వేగమూ ఉంది కొంత ఓర్పూ ఉంది, టైప్ 2ఎక్స్ అన్నిటికన్నా వేగం, కానీ ఇట్టే అలిసిపోద్ది. మామూలోళ్ల తొడ ముందు కండలో స్లో ఫాస్ట్ ఇంచుమించు సగం సగం. నీకెంతో తెలియాలంటే సూదితో చిన్న కండ ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాలి, మనిషిని చూసి చెప్పేది కాదు.

మారదా అంటే, బరువులెత్తినా పరిగెత్తినా 2ఎక్స్ ఫైబర్లు 2ఎ వైపు మారతాయి, ఇది బాగా తేలిన సంగతి. టైప్ 1 కాస్తా టైప్ 2 అయిపోవడానికి మాత్రం ఆధారాలు తక్కువ. రకం మారకపోయినా లోపల మైటోకాండ్రియా (ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసేవి) పెరుగుతాయి, చుట్టూ సన్న రక్తనాళాలు పెరుగుతాయి, నీకు కావలసింది అదే. మన ద్యుతీ చంద్ 2021లో 100 మీటర్లు 11.17 సెకన్లలో కొట్టింది, నీ పరుగు ఐదున్నర నిమిషాలది, దాన్లో 80 శాతం దాకా శక్తి ఆక్సిజన్ దారిలోనే రావాలి.

రాయగడ_ఐరన్:
కండ సంగతి నేను చెప్తాను. స్లో ఫైబర్‌కి ఎక్కువ రెప్స్ (బరువు ఎత్తే సార్లు), ఫాస్ట్ ఫైబర్‌కి తక్కువ రెప్స్ అని నేనూ రెండేళ్లు చార్టు రాసుకుని తిరిగాను, ఆ టైమంతా వేస్ట్. ఒక నరం, అది ఆడించే ఫైబర్ల గుంపు కలిపి ఒక యూనిట్ అనుకో, శరీరం ముందు చిన్న యూనిట్లనే పనికి పిలుస్తది, బరువు పెరిగినా అలుపు వచ్చినా అప్పుడు పెద్దవి లేస్తాయి. అందుకే నీ మాక్స్‌లో, అంటే ఒక్కసారి ఎత్తగలిగే అతి పెద్ద బరువులో, 30 శాతం బరువైనా 80 శాతమైనా, ఇంక ఒకటో రెండో రెప్స్ కంటే రావు అన్నదాకా లాగితే కండ ఇంచుమించు ఒకేలా పెరుగుద్ది. బలం మాత్రం పెద్ద బరువులకే బాగా వస్తది. వారానికి నాలుగు పరుగులకి కండ కరిగిపోదు, తిండి తగ్గితే కరుగుద్ది. నీ బరువుకి రోజూ 95, 100 గ్రాముల ప్రోటీన్ పడాలి, పొద్దున్న చోడి అంబలి ఒక్కటే తాగి సరిపెట్టకు, గుడ్లు, ఉలవలు, చేపలు గట్టిగా తిను.

పాతపట్నం_అక్క:
తమ్ముడూ, ఒక్కో 400 మీటర్ల రౌండ్ ఎంతలో కొడుతున్నావు? అది చెప్పు ముందు.

పర్లాకిమిడి_కుర్రోడు:
అక్కా ఈ పొద్దున్నే ఫోన్‌లో చూశాను, 70, 90, 101, 104 సెకన్లు.

పాతపట్నం_అక్క:
చూశావా, ఫైబర్ కంటే ముందు నీ మొదటి రౌండే తప్పు. 5:30కి రౌండ్‌కి 82 సెకన్లు చాలు, నువ్వు 70తో మొదలెట్టి తొడల్ని ముందే కాల్చేస్తున్నావు. నేను కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసినప్పుడు ఇదే తప్పు చేసి ఒకసారి పోగొట్టుకున్నాను, చాలా ఏడ్చాను. వారంలో మూడు రోజులు పక్కోడితో మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే స్పీడులో అరగంట, ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు 82 సెకన్లలో, మధ్యలో రెండు మూడు నిమిషాల రెస్ట్. కాళ్ల బరువులు ఆ మర్నాడు వద్దు.

పర్లాకిమిడి_కుర్రోడు:
థాంక్స్ అక్కా. రేపు పొద్దున్న మొదటి రౌండ్ 82 కంటే ముందు రాకుండా మా తమ్ముణ్ణి గీత దగ్గర టైం చూస్తూ అరవమన్నాను.