రాత్రి పదయ్యేసరికి నేమ్ సర్వర్ చతికిలబడుతోంది, ఏం చూడాలి?

రాజోలు కేబుల్:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర చిన్న కేబుల్ నెట్, 600 కనెక్షన్లు. కస్టమర్ల డీఎన్‌ఎస్ (సైటు పేరు అడిగితే ఐపీ అడ్రసు చెప్పేది), మా సొంత డొమైను రెండూ ఒకే మిషను మీద, బైండ్ అనే నేమ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. నాలుగు రోజుల నుంచి రాత్రి పదయితే పేజీలు తెరుచుకోవట్లేదు. చెరువు గట్టు మీద కెమెరాలు కనపడట్లేదని రొయ్యల రైతులు ఒకటే ఫోన్లు. గ్రాఫ్‌లో ఆ మిషనుకి వచ్చేది ఒక మెగాబిట్ లోపే, బయటికి పోయేది 40. లింకు మాత్రం నిండలేదు. ఎక్కడ మొదలెట్టమంటారు?

తణుకు నెట్:
ఎక్కువ అడిగే ఐపీలు చూసి ఫైర్‌వాల్‌లో కొట్టేయండి, పీడా పోతుంది.

భీమవరం పాతకాపు:
ఆగు తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు. డీఎన్‌ఎస్ ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది యూడీపీలో, అందులో పంపినవాడు ఎవరి అడ్రసైనా రాసేయొచ్చు. నీకు కనపడే ఐపీ దొంగది కాదు, దెబ్బ తినేవాడిది. రేపు ఏ పెద్ద పబ్లిక్ రిజాల్వర్ (జనం తరఫున పేర్లు వెతికిపెట్టే సర్వర్) అడ్రసో రాస్తే, నువ్వు దాన్ని ఆపేసి నీ డొమైనుని నువ్వే మాయం చేసుకుంటావు.

ఒకటికి నలభై అన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. అరవై బైట్ల ప్రశ్న వేసి మూడు వేల బైట్ల జవాబుని ఎదుటివాడి నెత్తిన పోయిస్తున్నారు. 2013లో స్పామ్ మెయిళ్ళని అడ్డుకునే స్పామ్‌హాస్ సంస్థ మీద పడ్డది ఇలా తెరిచి వదిలేసిన రిజాల్వర్ల వరదే. వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌తో ఒక్క నిమిషం పోర్ట్ 53 పట్టు, డీఎన్‌ఎస్ నడిచేది దాని మీదే. ఎవరి అడ్రసు, ఏ పేరు, ఏ రకం, ఈ మూడూ చెప్పు. ప్రతి ప్రశ్ననీ రాసుకునే క్వెరీ లాగ్ ఆన్ చేసి మాత్రం పడుకోకు. నేనలా పడుకున్న రోజు తెల్లారేసరికి డిస్కు నిండిపోయింది.

రాజోలు కేబుల్:
పట్టానండి. సెకనుకి 1800 దాకా 203.0.113.7 నుంచే (అసలు అడ్రసు మార్చి రాశాను), సోర్స్ పోర్ట్ 80, ఒకే డొమైను, రకం ‘ఎనీ’ (ఆ పేరు మీదున్న రికార్డులన్నీ ఇమ్మని). మధ్యలో మా కస్టమర్ల నుంచే పిచ్చి పేర్లు కొన్ని. డొమైను ఒకటే గానీ ముందున్న అక్షరాలు ఏ రెండూ కలవవు.

భీమవరం పాతకాపు:
అయితే రెండు జబ్బులు.

మొదటిది, తూము తలుపు ఊరందరికీ తెరిచి పెట్టావు. ఎవరికి పేర్లు వెతికిపెట్టాలో చెప్పే బైండ్ సెట్టింగులు అలౌ-రికర్షన్‌లో, అలౌ-క్వెరీ-క్యాష్‌లో నీ కస్టమర్ల ఐపీ రేంజులు మాత్రమే రాయి. సొంత డొమైనుకి రేట్-లిమిట్ (సెకనుకి ఇన్నే జవాబులనే హద్దు) పెట్టు, రెస్పాన్సెస్-పర్-సెకండ్ 10, స్లిప్ 2. ఆపేసేవాటిలో రెండింటికొకటి కత్తిరించిన జవాబు పోతుంది. నిజంగా అడిగినవాడైతే టీసీపీలో మళ్ళీ వస్తాడు, అక్కడ దొంగ అడ్రసు చెల్లదు. ముందు ఒక రోజు లాగ్-ఓన్లీలో (ఏదీ ఆపకుండా రాసుకోవడమే) ఉంచి చూడు. మిషను ఒక్కటే కాబట్టి కస్టమర్లని ఎగ్జెంప్ట్-క్లయింట్స్‌లో వెయ్యి, లేకపోతే వాళ్ళకీ కోత పడుతుంది. అసలైతే రెండు పనులకీ రెండు మిషన్లు ఉండాలి.

రాత్రి పేజీలు రాకపోవడానికి కారణం మాత్రం రెండోదే అనిపిస్తోంది. ఆ పిచ్చి పేర్లు క్యాష్‌లో, అంటే దాచుకున్న పాత జవాబుల్లో, దొరకవు. ప్రతిదానికీ ఆ డొమైను వాళ్ళ సర్వర్ని అడగాలి, అది అప్పటికే మూలుగుతూ ఉంటుంది. నీ బైండ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అలా ఒకేసారి ఎదురుచూసే ప్రశ్నల హద్దు, రికర్సివ్-క్లయింట్స్, డీఫాల్ట్ 1000, అది నిండితే మంచివాళ్ళకీ చోటుండదు. లాగ్‌లో ‘నో మోర్ రికర్సివ్ క్లయింట్స్’ ఉందేమో వెతుకు. ఒక్క డొమైను కోసం ఒకేసారి ఎన్ని వెతకాలో హద్దు పెట్టే ఫెచెస్-పర్-జోన్ పెట్టు. తర్వాత ఆ కస్టమర్లు ఎవరో చూడు, వాళ్ళ ఇంటి రౌటర్లే బయటివాళ్ళ ప్రశ్నలు తీసుకుని నీ సర్వర్ని అడుగుతూ ఉండొచ్చు.

రాజోలు కేబుల్ (రెండు రోజులకి):
లాగ్ నిండా అదే లైనండి! మూడు ఇళ్ళు తేలాయి. ఒక ఇంటికి బండేసుకుని వెళ్ళి రౌటర్ పేజీ తెరిస్తే, బయటి డీఎన్‌ఎస్ రిక్వెస్టులకి అనుమతి అన్న గడిలో టిక్కు. మూడూ మా కుర్రాడు బిగించినవే, ఎవరిననాలి? బయటి నుంచి కస్టమర్ల పోర్ట్ 53కి వచ్చేది అంచు రౌటర్లోనే ఆపేశాం, సొంత సర్వరున్న ఒకాయనకి తప్ప. రాత్రి ఫోన్లు లేవు. ‘ఎనీ’ ప్రశ్నలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయండి.

భీమవరం పాతకాపు:
వస్తాయి, వాళ్ళ జాబితాలో నీ అడ్రసు ఇంకా ఉంది. ఇప్పుడు నీ సర్వర్ ఇచ్చే ‘రిఫ్యూజ్డ్’ (చెప్పను) జవాబు ప్రశ్నంతే ఉంటుంది, వాళ్ళకి గిట్టుబాటు కాదు. ఐదు నిమిషాలకోసారి బైండ్ లెక్కలు ఇచ్చే ఆర్‌ఎన్‌డీసీ స్టాట్స్ తీసి రెండే గీతలు గియ్యి: పోయేదానికీ వచ్చేదానికీ నిష్పత్తి ఒకటి, సర్వ్‌ఫెయిల్ (జవాబు దొరక్క చేతులెత్తేసినవి) లెక్క ఒకటి.

రాజోలు కేబుల్:
ఆయ్, అలాగేనండి. రెండో మిషను సంగతి మా బాబాయితో అన్నాను. రొయ్యల పట్టుబడి అయ్యి రైతుల బాకీలు వస్తే చూద్దామన్నాడు.