నులిపురుగుల మాత్ర: అధ్యయనాలు 'పెద్ద తేడా లేదు' అంటే ఆపేయాలా?

పలమనేరు అయ్యోరు:
ఏటా ఫిబ్రవరి 10న మా బడిలో ఇదొక పెద్ద పని. మధ్యాహ్న భోజనం అయ్యాక బిడ్డల్ని వరసగా కూర్చోబెట్టి ఆల్బెండజోల్ మాత్ర మా ఎదుటే నమిలిస్తాం. జ్వరంతో ఉన్నవాళ్లకు, ఆ రోజు రానివాళ్లకు తర్వాత మాపప్ రోజున వేస్తాం. దేశంలో 2015లో మొదలైంది, 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ.

అయితే కోక్రేన్ సంస్థ దీనిమీద జరిగిన అధ్యయనాలన్నీ వెతికి, ఏరి, కలిపి చూసింది. పురుగులున్నాయా లేవా అని చూడకుండా అందరికీ మాత్ర వేస్తే సగటు బరువులో గానీ, హిమోగ్లోబిన్‌లో గానీ, చదువులో గానీ పెద్ద తేడా లేదని 2015లో చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. మరి ఎందుకు వేస్తున్నాం? ఆ డబ్బు, ఆ శ్రమ మరుగుదొడ్లకు పెడితే పురుగును పుట్టే చోటే ఆపినట్టు కదా. ఆపేయాలనే నేనంటాను.

తిరుపతి ఎకనామిక్స్:
సార్, ఒక్క అధ్యయనం కాకుండా సమీక్షను ముందు పెట్టారు, సంతోషం. మామూలుగా ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకొస్తారు. మాత్ర కావాలనేవాళ్లు కెన్యాలోని బుసియాను చూపిస్తారు. 75 బడుల్లో చేసిన పని అది. గైర్హాజరు పావు వంతు తగ్గిందని మిగెల్, క్రెమర్ అనే ఆర్థికవేత్తలు 2004లో రాశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక గంటకు సంపాదన 13 శాతం ఎక్కువ ఉందని 2021లో ఇంకో పేపర్ వచ్చింది. వద్దనేవాళ్లు ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లల మీద చేసిన డెవ్టా ప్రయోగం చూపిస్తారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో బరువులో, మరణాల్లో తేడా దాదాపు కనబడలేదు. ఈ పేచీ తీరాలంటే అన్నీ కలిపి చూడాల్సిందే.

కానీ ఆ సగటులో ఎవరెవరున్నారో కూడా చూడండి. బుసియాలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పిల్లలకు ఏదో ఒక పురుగు ఉండేది. పైగా అక్కడి షిస్టోసోమియాసిస్ (రక్తనాళాల్లో చేరే ఇంకో రకం పురుగుల జబ్బు) మన దగ్గర దాదాపు లేదు. పదిమందిలో ఒక్కరికే పురుగులున్న చోట ఆ ఒక్కరికి ఎంత మేలు జరిగినా సగటులో అది కరిగిపోతుంది. మిగతా తొమ్మిదిమందికి మాత్రతో పనే లేదు కదా. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకాల్లో ఒక గీత గీసింది: 20 శాతం పిల్లలకు పురుగులుంటే ఏడాదికోసారి, 50 శాతం దాటితే రెండుసార్లు.

ఇంక ఖర్చు మాట. మాత్ర చాలా చవక. ప్రతి బిడ్డకూ మలపరీక్ష చేసి వేయాలంటే పరీక్షకే మాత్రకంటే ఎన్నో రెట్లు అవుతుంది. మేలు చిన్నదైనా ఖర్చు మరీ తక్కువైతే ఆ పథకం నిలబడుతుంది. లెక్క ఒకవైపే చూసి ఆపకూడదు.

మరుగుదొడ్ల సంగతి కూడా అదే కొలతతో కొలుద్దాం సార్. ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 గ్రామాల్లో చేసిన ప్రయోగం 2014లో వచ్చింది. దొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. అయినా విరేచనాలూ తగ్గలేదు, నులిపురుగులూ తగ్గలేదు. కట్టినవాటిని చాలామంది వాడలేదు మరి. అంతమాత్రాన మరుగుదొడ్లు వద్దని మీరూ అనరు, నేనూ అనను.

పుంగనూరు ఆశా:
అయ్యోరూ, టమాటా చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే బిడ్డల్ని నేను రోజూ చూస్తాను. కొంకిపురుగు పాదాల్లోంచే ఎక్కుతుంది. మాత్ర వేసిన సాయంత్రం ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి వాంతి వస్తే తల్లులు మా ఇంటికే వస్తారు. పురుగులు ఎక్కువున్న బిడ్డలకే అట్ల అవుతుందని చెప్పి పంపిస్తాను. మీరు ఆపేస్తే ఆ బిడ్డలకు ఎవరు వేస్తారు? వాళ్ల అమ్మానాన్నలు మందుల షాపుకు పోయి కొనరు.

పలమనేరు అయ్యోరు:
అక్కా, ఆ బిడ్డల మీద నాకూ ప్రేమ ఉంది. నా బాధ వేరే. మాత్ర ఎంతమందికి వేశామో సాయంత్రానికల్లా లెక్క పంపాలి. ఎంతమందికి పురుగులున్నాయో మాత్రం మా బడికి ఏనాడూ ఎవరూ చెప్పలేదు. తమ్ముడు చెప్పిన 20 శాతం గీతకు మా మండలం పైన ఉందా, కింద ఉందా? అది తెలియకుండా కొనసాగించమనడం కూడా రుజువు మీద నిలబడిన మాట కాదు. ఆ అంకె బయటపెట్టండి, గీతకు పైన ఉంటే నేనే ముందు నిలబడి వేయిస్తాను.

చిత్తూరు ల్యాబ్:
అంకె తీయడం కష్టమేమీ కాదు సార్. అందరికీ పరీక్ష అక్కర్లేదు. ఒకే రకం నేల, వాన ఉన్న ప్రాంతానికి 200–250 మంది బిడ్డలు చాలు, కొన్ని బడులు ఎంచుకుని బడికి 50 మంది చొప్పున. కాటో-కాట్జ్ స్లైడ్ వేస్తాం, అంటే మలాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో పురుగు గుడ్లు లెక్కపెడతాం. ఒక్కటే జాగ్రత్త: కొంకిపురుగు గుడ్లు గంటలోపే కరిగిపోతాయి, అందుకే మైక్రోస్కోపు బడి దగ్గరికే రావాలి. కుప్పం, పలమనేరు వైపు గట్టు నేల, చల్లటి గాలి. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు పల్లం, తేమ. ఈ రెంటినీ కలిపి ఒక సగటు తీస్తే మళ్లీ ఇదే గొడవ. వేరువేరుగా తీయాలి, అదీ మాత్ర వేయడానికి ముందే, జనవరిలో.