కోలన్‌కు ఎర్ర సున్నా చుట్టారు, కారణం చెప్పలేదు

ప్రశ్న (రొయ్యల గుమాస్తా):
పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు రొయ్యల ఎగుమతి కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నా పని. నిన్న “వుయ్ ఎక్స్‌పోర్ట్: ష్రింప్, క్రాబ్ అండ్ ఫిష్” అని రాస్తే, మా మేనేజరు గారు ఆ రెండు చుక్కల చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పంపారు. ఎందుకండీ అంటే “తప్పు కాబట్టి” అన్నారు. జాబితా ముందు కోలన్ పెట్టాలనే కదా బడిలో చెప్పారు? “ఉదా :-” అని రాస్తూ పెరిగినవాళ్లం.

జవాబు (పాత ప్రూఫ్‌రీడర్):
సున్నా సరైన చోటే పడింది. కోలన్ ముందున్న ముక్కను విడిగా చదవండి. “వుయ్ ఎక్స్‌పోర్ట్” దగ్గర ఆగితే మాట గొంతులోనే ఉండిపోతుంది. క్రియకూ కర్మకూ మధ్య గోడ కట్టారు మీరు. తెలుగులో “మేము ఎగుమతి చేసేవి: రొయ్యలు, పీతలు, చేపలు” అంటే ఇబ్బంది లేదు. ఆ అలవాటే మీ చేత ఇంగ్లీషులోనూ చుక్కలు పెట్టించింది. కోలన్ తీసేయండి, లేదా “వుయ్ ఎక్స్‌పోర్ట్ త్రీ థింగ్స్:” అని ముందు వాక్యం పూర్తి చేయండి. “సచ్ యాజ్”, “ఇన్‌క్లూడింగ్” తర్వాత కూడా వద్దు.

అసలు కోలన్ జాబితాల కోసమే పుట్టలేదు. “ద షిప్‌మెంట్ విల్ బి లేట్: ద పోర్ట్ ఈజ్ క్లోజ్డ్” చూడండి. మనం “ఎందుకంటే” అనే చోట అక్కడ రెండు చుక్కలు సరిపోయాయి. ఇక ఆ “:-” సంగతి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కోలన్ పక్కన పొడుగు గీత ఉండేది. అక్కడ పోయింది, మన నోటు పుస్తకాల్లో మిగిలింది. కోలన్ ముందు ఖాళీ కూడా వదలకండి.

జవాబు (అనువాదకురాలు):
ఉత్తరం ఏ దేశానికి? అమెరికా వ్యాపార లేఖల్లో “డియర్ సర్” తర్వాత కోలన్ పెడతారు, బ్రిటన్‌లో కామా. కోలన్ తర్వాత పెద్ద అక్షరం విషయంలో అమెరికన్లలోనే చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ పద్ధతిలో పూర్తి వాక్యం వస్తే పెద్ద అక్షరం. పుస్తక ప్రచురణకర్తలు వాడే షికాగో శైలి పుస్తకం పద్ధతిలో 2024 దాకా రెండు వాక్యాలైనా రావాల్సి ఉండేది. బ్రిటన్‌లో సాధారణంగా చిన్న అక్షరమే.

జవాబు (పాత ప్రూఫ్‌రీడర్):
పనిలో పనిగా ఒక మాట. తెలుగులో విసర్గ బదులు కోలన్ కొట్టి “దు:ఖం” అని రాసేవాళ్లు మానండి. కంప్యూటర్లో “దుఃఖం” అని వెతికితే అది దొరకదు. నా దుఃఖం అదే.

రొయ్యల గుమాస్తా:
ధన్యవాదాలు మాస్టారూ. ఉత్తరం సరిచేసి పంపాను. తర్వాత మేనేజరు గారి పాత ఉత్తరాలు తీసి చూస్తే, ఒక పేరా మధ్యలో “అవర్ ప్రొడక్ట్స్ ఆర్: ష్రింప్, క్రాబ్…” అని ఉంది. ఎర్ర పెన్ను నా సొరుగులోనూ ఉంది. కానీ నెలాఖరులో జీతం కూడా కావాలి.