పాత చర్చి సమాధుల తోట: దొరల గోరీలు తీసేయవచ్చా?

నాగావళి గట్టు:
శ్రీకాకుళంలో మా పాత మిషన్ చర్చి సమాధుల తోటలో ఇక గొయ్యి తవ్వడానికి చోటు లేదు. పడమటి గోడ వారగా కుంఫిణీ కాలపు గోరీలు ఉన్నాయి. వాటిని తీసేసి ఆ జాగా సంఘస్థులకు ఇద్దామని కమిటీలో మాట నడుస్తోంది. నేను ఒప్పుకోను. 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ వారిలో జార్జి క్రాన్ 1809లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. సువార్తలను తెలుగులోకి తేవడానికి కూర్చున్నవారిలో ఆయనొకరు. అలాంటి ఊళ్లో పాత రాళ్లకు గునపం పెట్టడమా?

మూడో బెంచీ:
అది మెథడిస్టుల ఆస్తి కదా? బిషప్ గారి అనుమతి లేకుండా కమిటీ ఎలా తీస్తుంది?

పాత కాగితాలు:
ఇక్కడ మెథడిస్టులు ఎక్కడున్నారండీ! వెస్లియన్ మెథడిస్టుల పని హైదరాబాదు, మెదక్ వైపు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వాళ్లదే. మన వైపు మొదట లండన్ మిషన్, 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు, సాలూరు పార్వతీపురాల్లో లూథరన్లు. 1947లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా ఐక్య సంఘం) ఏర్పడినప్పుడు వెస్లియన్లు కలిశారు, బాప్టిస్టులు కలవలేదు. మనది బాప్టిస్టు సంఘం కాబట్టి బిషప్ గారికి ఇందులో పని లేదు. ఇంకొకటి, క్రాన్ ఈ ఊళ్లో పోయినంత మాత్రాన తోటలోని ప్రతి రాయీ ఆయనది కాదు.

మూడో బెంచీ:
మా తాతగారు మెథడిస్టు చర్చి అనే అనేవారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

పాత కాగితాలు:
తాతగారిది ఏ ఊరు?

మూడో బెంచీ:
మెదక్ దగ్గర. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. అయితే?

పేటవాడు:
మా నాన్నగారు ప్రభువునందు నిద్రించిన రోజు పెట్టెను మధ్యాహ్నం దాకా వరండాలోనే ఉంచాం. పెద్దలు తోటంతా తిరిగి వచ్చి చోటు లేదన్నారు. చివరికి బంధువుల మెట్ట పొలంలో భూస్థాపన చేశాం. ఎప్పుడో జ్వరంతో పోయిన దొరకు మనిషెత్తు గోరీ, బతికినన్నాళ్లూ కానుక వేసిన మనిషికి ఆరడుగుల నేల లేదు. చరిత్ర అంటే ఇదేనా?

నాగావళి గట్టు:
మీ బాధ అర్థమైంది. కానీ పోయిన రాయి తిరిగి రాదు. అక్కడి పలక ఒకటి ఇప్పటికే పక్క వీధిలో బట్టలుతికే బండ అయింది. తిరగేసి చూశాను. సీసపు అక్షరాలు పెరికేసుకున్నారు, వాటిని బిగించిన చిన్న చిన్న రంధ్రాలు మాత్రం వరుసగా మిగిలాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి రాతలను సేకరించి 1905లోనే జె.జె. కాటన్ అనే ఇంగ్లీషు అధికారి అచ్చువేశారు. పరాయివాడికి ఉన్న శ్రద్ధ మనకు లేదు.

గంటస్తంభం:
అచ్చులో ఉంటే ఇక రాయి ఎందుకు?

పాత కాగితాలు:
చట్టం సంగతి కూడా చెబుతాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండితే చాలదు, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే అది రక్షిత కట్టడం.

పేటవాడు:
చట్టం తర్వాత. పడమట ఉన్నవి పదో పన్నెండో గోరీలు. తూర్పున సగం తోట ఎవరి కింద ఉంది? పెద్దల కుటుంబాల గ్రానైటు సమాధులు, చుట్టూ ఇనుప కంచెలు. బతికున్నవాళ్లకు కూడా ముందుగానే కట్టిన గట్లు! మా పేట వాళ్లవి మట్టి దిబ్బలు. రెండు వానలు పడితే ఆనవాలు పోతుంది, అక్కడే ఇంకొకరిని పెడతారు. దాని మీద ఎవరూ చర్చ పెట్టరు.

నాగావళి గట్టు:
దయచేసి కులం గొడవ ఇక్కడికి తేవద్దు.

పేటవాడు:
కులం మాట నేను ఎత్తలేదు. మీరే ఎత్తారు.

గంటస్తంభం:
నిజమే, పైన రాసినవన్నీ మళ్లీ చూశాను. ఆయన అనలేదు.

నాగావళి గట్టు:
పేట, పెద్దలు అంటే ఇంకేమిటి అర్థం? తూర్పున మా కుటుంబానికి ఉన్న చోటు మా నాన్నగారు డబ్బు కట్టి తీసుకున్నది. రసీదు ఉంది. ఎవరి నోటి ముందు కూడూ లాక్కోలేదు.

పాత కాగితాలు:
సంఘం ఉమ్మడి భూమిలో చోటు అమ్మే అధికారం ఎవరిచ్చారు? రసీదు మీద సంతకం ఎవరిది?

నాగావళి గట్టు:
అది ఇక్కడ అప్రస్తుతం.

పేటవాడు:
సరే. సర్వసభ్య సమావేశంలో తూర్పు వైపు కూడా టేపు పెట్టి కొలవండి. ఖాళీ గట్లు పగలగొట్టండి. దొరల గోరీల జోలికి రామని మా పేట తరఫున నేనే రాసిస్తాను.

నాగావళి గట్టు:
అజెండాలో ఉన్నది పడమటి గోడ ఒక్కటే.