వచ్చే క్రిస్మస్‌కు మా ఇంటి వంటల పద్ధతి మార్చాలనుకుంటున్నాము, సలహా చెప్పండి

కడప పెద్దకోడలు (ప్రశ్న)

మాది కడప. ప్రతి డిసెంబరు 25న మా అత్తమ్మగారి ఇంట్లో నాలుగు కుటుంబాలవాళ్లం కలుస్తాము. పిల్లలు, వియ్యాలవారు, మా చర్చి సంఘంలో ఒంటరిగా ఉండే ఒకరిద్దరు పెద్దవారు కలిసి ముప్పై ఐదు మందికి తగ్గరు. ఇరవై ఏళ్లుగా వంటల వరుస మారలేదు. 20వ తేదీ నాటికి అరిసెలు, కజ్జికాయలు, చెక్కలు, గులాబీ పువ్వులు డబ్బాలకెక్కాలి. 24 రాత్రి క్యారల్స్ బృందం గడపలోకి వచ్చేసరికి టీ, కేకు సిద్ధంగా ఉండాలి. పండగనాడు మటన్ బిర్యానీ, కోడి వేపుడు, పెరుగు పచ్చడి, సేమ్యా పాయసం తప్పవు. ఇవి కాక చుట్టుపక్కల పన్నెండు ఇళ్లకు పళ్లేలు పంపాలి.

అత్తమ్మగారికి ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు. ఈసారి 24 రాత్రి ఆమె రెండు గంటలు కూడా నిద్రపోలేదు. తెల్లవారుజామున 5 గంటల ఆరాధనకు మేమంతా బయలుదేరుతుంటే, "మీరు పదండి, ఈ మసాలా నూరేసి వెనకాలే వస్తాను" అన్నారు గాని రాలేకపోయారు. మేము తిరిగి వచ్చేసరికి ఆమె కోసం కొన్న తెల్ల చీర మడత విప్పకుండా మంచం మీద అలాగే ఉంది. ఆమె ముంజేతి మీద నూనె చింది, వేలెడు పొడవున బొబ్బ లేచింది. ఆ రోజంతా ఎవరితోనూ ఏమీ అనలేదు. మరునాడు గిన్నెలు తోముకుంటున్నప్పుడు మాత్రం, "నాకు తెలిసి క్రిస్మస్ ఆరాధన తప్పడం ఇదే మొదటిసారమ్మా" అని నాతో మెల్లగా అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

వచ్చే ఏడాది భోజనం బయట చెప్పేద్దామని నా భర్త అంటున్నారు. అమ్మ చేతి వంట లేకపోతే అది పండగే కాదని మా ఆడబిడ్డ బాధపడుతోంది. అత్తమ్మగారిని వంటింట్లోంచి పక్కకు నెట్టేశామనే భావన ఆమెకు కలగకుండా, ఆమె నిశ్చింతగా ఆరాధనలో కూర్చునేలా ఈ పద్ధతిని మార్చుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

కర్నూలు నుంచి ఒక సోదరి

అక్కా, మా ఇంట్లో మూడేళ్ల క్రితం ఇదే పరిస్థితి వచ్చింది. మేము మొట్టమొదట మార్చుకున్నది తేదీలను. 2026లో క్రిస్మస్ శుక్రవారం వస్తోంది, ఆ వెంటనే శనివారం, ఆదివారం ఉన్నాయి. పెద్ద భోజనాన్ని 26వ తేదీ శనివారం మధ్యాహ్నానికి మార్చుకుంటే, 25న ఆరాధన ముగించుకొని వచ్చి ఎవరింట్లో వారు తేలికగా తినవచ్చు. మీ ఆడబిడ్డకు కూడా ఇది మేలు చేస్తుంది, ఎందుకంటే 25న ఆమె అత్తవారింట్లో ఉండి, మరునాడు హడావుడి లేకుండా పుట్టింటికి రాగలుగుతుంది.

పిండివంటలకు డిసెంబరు 20 ఆదివారం మధ్యాహ్నం కేటాయించండి, అందరూ రావాలని ముందే చెప్పండి. బియ్యం ముందుగానే నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి పట్టించే పని మగవారికి అప్పగించవచ్చు. పాకం మాత్రం అనుభవం ఉన్న చేతికే వదలాలి. నీళ్ల పళ్లెంలో వేసిన చుక్క వేళ్ల మధ్య మెత్తటి ఉండగా రావాలి. అది ముదిరితే అరిసె రాయిలా గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలోనే విచ్చిపోతుంది. కజ్జికాయల్లోకి పచ్చికొబ్బరి వేస్తే రెండు రోజులకు మించి నిలవ ఉండవు కనుక ఎండుకొబ్బరి, వేయించిన పప్పుల పొడి, బెల్లంతో చేసుకోండి.

పళ్లేల విషయంలో మాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒక ఏడాది మధ్యాహ్నం మిగిలిన బిర్యానీని డేగిసాలో అలాగే రాత్రి వరకు ఉంచి, వేడి చేసి పిల్లలకు పెట్టాము. అర్ధరాత్రికి ముగ్గురికి వాంతులు మొదలయ్యాయి. అన్నం ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఉంటాయని, అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయని, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదని డాక్టరుగారు వివరించారు. అప్పటి నుంచి వండిన రెండు గంటలలోపే మిగిలినదాన్ని వెడల్పాటి పళ్లేల్లో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాము, పొరుగు ఇళ్లకు పొడి పిండివంటలు మాత్రమే పంపుతున్నాము. ఎవరూ తక్కువగా అనుకోలేదు.

అనంతపురం, రెండో కొడుకు

మేము వంటకాలను తగ్గించాలనుకొని ఒక పొరపాటు చేశాము. అది మీరు చేయకూడదని రాస్తున్నాను. అందరికీ ఇష్టమే కదా అని క్రిస్మస్ మధ్యాహ్నానికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టాలని నిర్ణయించాము. పిల్లలు ఎగిరి గంతేశారు. మా నాయనమ్మ మాత్రం ముద్ద ముట్టకుండా చాలాసేపు కూర్చుండిపోయింది. అడిగితే, "మేము ఏడాదంతా సంగటే తిన్నాము, వరి అన్నం చూసింది పండగనాడే. ఆ పండగనాడు కూడా సంగటేనా నాయనా" అంది. మాకు సంగటి అంటే సెలవు రోజున ఇష్టంగా తినే తిండి, ఆమెకు అది వానలు లేని ఏళ్ల జ్ఞాపకం. మా జిల్లాలో ఆ తరం వారికి తెల్లన్నం అంటే ఏమిటో మాకు అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి పండగ మధ్యాహ్నం సోనా మసూరి అన్నం, మటన్ కూర, పప్పు, ఒక తీపి, ఇంతే వండుతున్నాము. సంగటిని మరునాటి రాత్రికి మార్చాము. అడుగున నూకలు ఉడుకుతుండగా పైన రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి మగ్గనిచ్చి, ఆ తరవాత కట్టెతో బలంగా గెలకాలి గనుక ఆ పని మా అన్నదమ్ములమే చేస్తాము. చక్కెర వ్యాధి ఉన్నవారు సంగటి ఎంత తిన్నా ఫర్వాలేదని అనుకోవడం కూడా పొరపాటే, రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ కాబట్టి ముద్ద పరిమాణం చూసుకోవాలి.

ఏది మార్చాలన్నా ముందుగా ఇంట్లోని అందరికంటే పెద్దవారిని అడగండి.

ప్రొద్దుటూరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

అమ్మా, మీరు రాసిన తెల్ల చీర సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. మా చిన్నప్పుడు మా అమ్మ కూడా ఇలాగే మధ్యాహ్నం మూడు గంటలకు గాని కొత్త చీర కట్టుకునేది కాదు, మేమెవరమూ ఎందుకని అడగలేదు.

సంప్రదాయం అంటున్నాం గనుక రెండు సంగతులు చెబుతాను. డిసెంబరు 25న ఈ పండగ జరిపినట్లు మనకు దొరికే తొలి ఆధారం రోము నగరంలో క్రీ.శ. 336 నాటిది. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు పెట్టే ఆచారానికి అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో చేసిన ఏర్పాటును మూలంగా చెబుతారు. మన దేశంలో క్రిస్మస్ కేకు తొలిసారి 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు బేకరీలో తయారైందని ప్రసిద్ధి. ఇక అరిసెలు, కజ్జికాయలు సంక్రాంతికి కొత్త బియ్యంతో, కొత్త బెల్లంతో మన పల్లెల్లో ఎప్పటి నుంచో చేసుకుంటున్నవే. మన పెద్దలు తమ ఇంటి వంటనే ఈ పండగకూ తెచ్చుకున్నారు. అంటే ప్రతి తరమూ తనకు వీలైన దాన్ని చేర్చుకుంటూ వచ్చింది, కాబట్టి మీరు ఒకటి రెండు మార్చినంత మాత్రాన అపచారమేమీ జరగదు.

అయితే పళ్లేలు పంపడం మాత్రం మానకండి. మా వీధిలో రంజాన్‌కు షీర్‌ఖుర్మా, ఉగాదికి బొబ్బట్లు మా ఇంటికి వస్తాయి, క్రిస్మస్‌కు మా అరిసెలు వారి ఇళ్లకు వెళతాయి. ఒక ఏడాది మాకు వీలుపడక ఆపేస్తే, ఎదురింటివారు మాకేదైనా కోపం వచ్చిందేమోనని కనుక్కోవడానికి వచ్చారు. రెండు అరిసెలు, నాలుగు చెక్కలు చాలు, కానీ ఏ ఇంటినీ వదలకూడదు.

ఇంకొక మాట. వంటింట్లో అలసిపోయే ఆడవారికి, యేసు ఇంటికి వచ్చినప్పుడు పనుల్లో మునిగిపోయిన మార్త సంగతి చెప్పి, ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న ఆమె సోదరి మరియలా కూర్చోవచ్చు కదా అని మన సంఘాల్లో సులభంగా బోధిస్తారు. ఆ అక్కచెల్లెళ్లకు లాజరు అనే సోదరుడు కూడా ఉన్నాడు. అతను వచ్చి పొయ్యి దగ్గర ఎందుకు నిలబడకూడదని నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. మీ అత్తమ్మగారిని ఆరాధనకు పంపాలంటే ఆమె కొడుకులలో ఒకరు ఆ గంటన్నర ఇంట్లో ఉండి పొయ్యి చూసుకోవాలి, లేదా పొయ్యే వెలిగించకూడదు.

కడప పెద్దకోడలు

అందరికీ వందనాలు. మీ మాటలు అత్తమ్మగారికి చదివి వినిపించాను. అనంతపురం అన్నగారి నాయనమ్మ మాట దగ్గర ఆమె ఆగి, "నిజమే" అని మాత్రమే అన్నారు. మేము ఏమేమి మార్చాలో నేను చెప్పకుండా, ఏది వదులుకోలేరో చెప్పమని ఆమెనే అడిగాను. అరిసెల పాకం, చర్చిలో ముందు వరస బల్ల మీద తన చోటు, ఈ రెండూ తనకు కావాలన్నారు. బిర్యానీ ఎవరు చేసినా తింటానన్నారు. నేను ఇన్నేళ్లుగా ఆమెకు బిర్యానీయే ముఖ్యమనుకుంటూ వచ్చాను.

డిసెంబరు 20న పిండివంటలు అందరమూ కలిసి చేస్తాము. 25న ఆరాధన అయ్యేదాకా పొయ్యి వెలిగించము, ఉప్మా కూడా తిరిగి వచ్చాకే. 26న పెద్ద భోజనం మా వారు, ఇద్దరు మరుదులు వండుతారు. పన్నెండు ఇళ్లకూ పిండివంటల పళ్లేలు వెళతాయి. ఆడబిడ్డ మొదట మౌనంగా ఉంది గాని, 26న నింపాదిగా రావచ్చని తెలిశాక ఒప్పుకుంది.

కర్నూలు చెల్లెమ్మా, ఒక చిన్న సందేహం. అత్తమ్మగారు బెల్లం చేతి అంచనాతోనే వేస్తారు, కొలత అడిగితే చెప్పలేరు. సరుకుల చీటీ రాసే పని మా చిన్న మరిదిది కనుక కిలో బియ్యానికి ఎంత బెల్లం రాయమంటావు?

కర్నూలు నుంచి ఒక సోదరి

ముప్పావు కిలో రాయమనండి అక్కా. పిండి మాత్రం కిలోకు ఒక గ్లాసు అదనంగా పట్టించి పక్కన ఉంచుకోండి, పాకం లేతగా అనిపిస్తే అదే సర్దుతుంది.